గ్లిగోర్ పేరున నీళ్ళు

ఒలింపియా ఆ పొద్దున కూడా కాఫీ పొయ్యి మీద పెట్టి, ఫోనులో ఉన్న తన కరెంటు కారు బొమ్మ మీద వేలు నొక్కింది. రోజూ అయితే బొమ్మ చుట్టూ ఎర్రగీత తిరిగేది. కిటికీ కింద నిలబడ్డ కారులో హీటరు గుర్రుమనేది. ఆమె కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించేసరికి ముందద్దం మీది మంచుపెచ్చు కరిగి కారిపోయేది. ఆ రోజు బొమ్మ బూడిదరంగులో ఉంది. దాని కింద రెండే వాక్యాలు. మీ మోడలు కారుకు ఈ సేవ డిసెంబరు ఒకటో తేదీ నుంచి నిలిపివేయబడినది. ఇన్నాళ్ళూ మాతో కలిసి ప్రయాణించినందుకు కృతజ్ఞతలు.

ఈ సంగతి అక్టోబరులోనే రాశారు. ఒలింపియా చదివింది గానీ నమ్మలేదు. కారు తనది, కరెంటు తనది, తీగ తనది, మధ్యలో ఆపడానికి వీళ్ళెవరు అనుకుంది. ఎక్కడో ఒక గదిలో ఎవడో మీట దించితే లుపెని ఊళ్ళో తన కారు అద్దం గడ్డకట్టుకుపోతుందంటే ఎవరికి మాత్రం నమ్మబుద్ధవుతుంది? మళ్ళీ నొక్కింది. ఫోను ఆపి, ఆన్ చేసి, మళ్ళీ నొక్కింది. ఈలోగా కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.

ఆమె చక్రాల కుర్చీ మనిషి. నడుము కింద కాళ్ళు ఆమె మాట వినవు, చలీ వేడీ కూడా వాటికి తెలియదు. కారును మాత్రం చేతులతోనే నడిచేలా మార్పించుకుంది. బ్రేకుకొక కర్ర, వేగానికొక కర్ర. తలుపు తీసి, కుర్చీని ఆనించి, రెండు చేతుల మీద ఒళ్ళు లేపి సీటులోకి జారేది. ఒక్కో కాలునీ ఎత్తి లోపల పెట్టుకునేది. కుర్చీ మడిచి తన మీదుగా పక్కసీటులోకి లాక్కునేది. చూసేవాళ్ళకి ప్రాణం ఉసూరుమనేది గానీ, సాయం పట్టబోతే కళ్ళతోనే కాల్చేసేది. ఆమె ఉండే మా అపార్ట్‌మెంట్ల బ్లాకులో అందరికీ ఒక్కోసారైనా ఆ చూపు తగిలింది. ఎవరినీ ఏదీ అడగకుండా పొద్దున్నే పనికి పోయి రావడం, ఆమెకున్న గర్వమంతా అదే.

మంచు గోకే ప్లాస్టిక్ పలక పట్టుకుని బయటికి వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ముందద్దం మీద ఎంత దూరం పోతుంది? డ్రైవరు వైపు మూలన పళ్ళెమంత మేర గోకగలిగింది. అక్కడితో భుజం ఆగిపోయింది. కారులో కూర్చుని మీట నొక్కినా హీటరు వస్తుంది, రాకేం. కానీ కారు ఆన్ చేశాక అది గోడ కరెంటు తీసుకోదు, బ్యాటరీనే తాగుతుంది. బ్యాటరీ చూస్తే ముసలిది, చలికాలంలో ఫ్యాక్టరీ ఉన్న పెట్రొషని పోయి రావడానికే బొటాబొటి. పైగా స్పర్శ లేని కాళ్ళతో గడ్డకట్టిన కారులో కూర్చుంటే వేళ్ళు నల్లబడినా తెలియదు. ఒక చలికాలం అలా అయ్యింది కూడా.

కిటికీ నుంచి దిగిన ఛార్జింగు తీగను ఊడదీసి చుట్ట చుట్టింది. ఆ తీగకు మధ్యలో నల్లటేపు చుట్టిన అతుకొకటి ఉంది. పోయినేడు మొదటి అంతస్తు గ్లిగోర్, గనిలో రిటైరైన మనిషి, నడకదారి పక్కన పడివున్న ఆ తీగ కాలికి తగిలిందని చెట్లు కత్తిరించే కత్తెర తెచ్చి కోసేశాడు. ఇదేం పని అని ఆమె కిటికీలోంచి అడిగితే, ఈ దారి నడిచేవాళ్ళది అన్నాడు. ఆ మాట మా బ్లాకంతా విన్నది. తర్వాత ఒక్కసారీ వెనక్కి తీసుకోలేదు. ఈ నవంబరులో ఊపిరితిత్తులు పోయి చచ్చిపోతే, శవపేటిక ఒలింపియా గుమ్మం ముందునుంచే దిగింది. ఆమె తలుపు తియ్యలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది.

పళ్ళెమంత కన్నంలోంచి తొంగిచూసుకుంటూ, మెడ పక్కకి వంచి, లారీల వెనకాల నత్తలా నడిపించుకుంటూ పోయింది. ఫ్యాక్టరీకి చేరేసరికి బల్లల వరసలో పని మొదలైపోయింది.

ఆ ఫ్యాక్టరీలో కార్లకు వైర్ల కట్టలు అల్లుతారు. మనిషికొక ఏటవాలు బల్ల, బల్ల నిండా మేకులు. ఎర్ర వైరు ఈ మేకు చుట్టూ, పచ్చది ఆ మేకు కింద, నీలం రెండూ జంటగా, చివర క్లిప్పు నొక్కితే టక్కుమనాలి. తర్వాత టేపు, సగం మీద సగం పడేలా, ఎక్కడా ముడత లేకుండా. ఒలింపియా చేతులు ఈ పనిలో చూడముచ్చటగా ఉండేవి. ఆమె బల్ల దాటితే గానీ కట్ట పక్క బల్లకి పోదు. అంటే ఆమె లేకపోతే వరసంతా చేతులు ముడుచుకుని నిలబడాలి. ఆ రోజు నిలబడ్డారు.

వరస పెద్ద తిబేరియు చెడ్డవాడు కాదు, నెమ్మదస్తుడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒలింపియాగారూ, ఇది మొదటిసారి కాదు, పోయినేడు తీగ తెగినప్పుడూ ఇలాగే అయ్యింది, పైవాళ్ళు నన్నడుగుతున్నారు అన్నాడు. మళ్ళీ ఇలా అయితే మిమ్మల్ని ఇంటిపనికి మారుస్తాం, క్లిప్పుల సంచి ఇంటికే వస్తుంది, హాయిగా కూర్చుని పొట్లాలు కట్టుకోవచ్చు, మీకూ తేలిక అన్నాడు. అతను నిజంగానే తేలిక అనుకున్నాడు.  ఇంటిపనికి మారిన వాళ్ళెవరూ మళ్ళీ వరసలోకి రాలేదు. నాలుగు గోడలు, క్లిప్పులు, రేడియో, అంతే. ఆమెకు బతుకంటే ఈ బల్ల, ఈ సందడి, గేటు దగ్గర కారు ఆపి తన కుర్చీ తనే దించుకోవడం.

భోజనాల వేళ కంపెనీకి ఫోను చేసింది. ఎంతోసేపు పాట విన్నాక ఒక ఆడగొంతు పలికింది. చక్కటి గొంతు, మర్యాదగల గొంతు. పాత మోడళ్ళకి యాప్ నడపడం సాధ్యం కావడం లేదు మేడమ్, కొత్త మోడలు తీసుకుంటే అన్నీ ఉంటాయి అన్నది. ఒలింపియా ఓపిగ్గా మంచు సంగతి చెప్పింది, కుర్చీ సంగతి చెప్పింది. అవతలామె అంతా విని, "మీరేం కంగారు పడకండి మేడమ్, మీ కారు నడవడానికి ఎలాంటి ఇబ్బందీ ఉండదు" అన్నది.

"కారుకి లేదమ్మా," అంది ఒలింపియా. "నడవడానికి ఇబ్బంది నాకు."

పక్క బల్ల దగ్గర పనిచేసే మీరెలా అనే ఆమె ఆ మాట విని సూపులో రొట్టె ముంచుతూ ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, అడగందే అమ్మయినా పెట్టదు కదే, మీ బ్లాకులో మనుషులు లేరా, పొద్దున్నే వచ్చి అద్దం గోకమంటే ఎవరు కాదంటారు అంది. ఎవరూ కాదనరని ఒలింపియాకీ తెలుసు. గోకుతారు, గోకాక చచ్చేదాకా ఆ సంగతి చెప్పుకుంటారు అంది. మీరెలా మళ్ళీ సూపులోకి తల వంచుకుంది. ఎందుకంటే ఆమె అయినా అంతే చేస్తుంది, మేమైనా అంతే చేస్తాం.

*

మర్నాడు పొద్దున ఒలింపియా మామూలుకంటే ముందే లేచింది. అలవాటు చొప్పున బొమ్మ మీద వేలు నొక్కింది. బూడిదరంగు బొమ్మ కదల్లేదు, మెదల్లేదు. తిట్టుకుంటూ కోటు తొడుక్కుని, పలక ఒళ్ళో పెట్టుకుని తలుపు తీసేసరికి, కారు ముందద్దం కడిగిన గాజులా ఉంది. చుట్టుపక్కల కార్లన్నీ తెల్లదుప్పట్లు కప్పుకుని పడుకుంటే ఇదొక్కటే కళ్ళు తెరుచుకుని చూస్తోంది. అద్దం అంచున ఇంకా నీటిబొట్లు కారుతున్నాయి.

ఆమెకి నవ్వొచ్చింది. అయితే బొమ్మ చచ్చింది గానీ మీట చావలేదన్నమాట. కంపెనీవాళ్ళు కాగితం మీద ఆపేశారు, కానీ అసలు తీగ పీకడం మర్చిపోయారు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఇలాగే ఉంటుంది, కుడిచేతికీ ఎడమచేతికీ పొత్తుండదు. ఫోను ముద్దుపెట్టుకుని, థాంక్స్‌రా నా తండ్రీ అని చెప్పి జేబులో పెట్టుకుంది. ఆ రోజు వరస మొదలవక ముందే బల్ల దగ్గరుంది.

తర్వాతి రోజులూ అంతే. పొద్దున్నే నొక్కడం, బొమ్మ మూగగా చూడటం, బయట అద్దం శుభ్రంగా ఉండటం. ఆమె మీరెలాకి ఇదంతా వేళాకోళంగా చెప్పింది. నేను నొక్కుతున్నట్టు వాళ్ళకి తెలిస్తే ఆపేస్తారు, ఎవరికీ చెప్పకు అని నోటిమీద వేలు పెట్టుకుంది. హీటరు వేసినా కారు లోపల ఎందుకు చల్లగా ఉంటోందని ఒకసారి అనుమానం వచ్చింది. పాతబడింది కదా, అద్దం వరకే వేడి వస్తోందేమో అనుకుంది. ముందు చక్రం పక్కన నేలమీద మంచుగడ్డ రోజురోజుకీ మందమవుతోంది. అదీ చూసింది. కరిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయిలే అనుకుంది. మనసుకి కావలసిన సమాధానం కళ్ళు ఎప్పుడూ వెతికిపెడతాయి.

పై అంతస్తుల వాళ్ళకి అసలు సంగతి తెలుసు. తెల్లవారకముందే పాలకోసం దిగేవాళ్ళున్నారు, కుక్కల్ని తిప్పేవాళ్ళున్నారు. గ్లిగోర్ భార్య సావెటా, డెబ్బై దాటిన మనిషి, నల్లరుమాలు కట్టుకుని చిన్న బకెట్టుతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, ముందద్దం మీద కొంచెం కొంచెంగా పోసి, పాతగుడ్డతో తుడిచి, పెదాలు కదుపుతూ లోపలికి పోవడం అందరూ చూశారు. పెద్దావిడ ఏదో చేసుకుంటోంది, మనకెందుకని ఊరుకున్నారు.

ఆ సోమవారం చలి పులిలా విరుచుకుపడింది. మైనస్ పద్దెనిమిది. మెట్ల పక్క ఇనపకమ్మీ మీద చెయ్యి ఆనిస్తే తోలు ఊడొచ్చేలా ఉంది. ఒలింపియా వంటింట్లో కాఫీ కలుపుకుంటూ బొమ్మ మీద వేలు పెట్టబోతుండగా బయట చప్పుడైంది. ఎండుకొమ్మ విరిగినట్టు ఒక్కటే చప్పుడు. కిటికీ తెర తొలగించి చూసింది. సావెటా కారు ముందు నిలబడి ఉంది. చేతిలో బకెట్టు, బకెట్టులోంచి పొగలు. అద్దం మీద ఎడమ మూల నుంచి మధ్యదాకా మెరుపుతీగలాంటి పగులు.

ఒలింపియా కోటు లేకుండానే బయటికొచ్చింది. చక్రాలు మంచుమీద జారుతుంటే చేతులతో పట్టి ఆపుకుంటూ వచ్చింది.  అద్దం వైపు, బకెట్టు వైపు, ఆ నల్లరుమాలు వైపు చూసింది. అప్పుడు ఆమెకి ఒక్కసారిగా అన్నీ తెలిసిపోయినట్టయింది, అన్నీ తప్పుగా.

"మొగుడు తీగ కోశాడు. నువ్వు అద్దం పగలగొట్టావు. ఇంకేం మిగిలింది పిన్నీ, నా కుర్చీ చక్రాలా?"

 రోజూ తెచ్చే గోరువెచ్చటి నీళ్ళు ఈ పూట అద్దాన్ని తాకగానే గడ్డకట్టుకుపోయాయని, అందుకే మరిగించి తెచ్చానని సావెటా గొణిగింది. మరిగే నీళ్ళు గడ్డకట్టిన గాజుమీద పోస్తే ఏమవుతుందో పొయ్యి దగ్గర బతికిన మనిషికి తెలియదా అని ఒలింపియా అడిగింది. ఆవిడ బకెట్టు కింద పెట్టి, పగులు మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు. తీయ్ చెయ్యి అంది ఒలింపియా. ఆవిడ తీసేసింది. కిటికీల్లో తెరలు కదిలాయి గానీ ఎవరూ దిగలేదు.

ఇంట్లోకొచ్చాక గానీ ఒలింపియాకి రెండో సంగతి తట్టలేదు. ఫోను తీసి చూసింది. బొమ్మ బూడిదరంగులోనే ఉంది. ఇన్నాళ్ళూ అలాగే ఉంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే తను థాంక్స్ చెప్పింది ఈ చచ్చిన బొమ్మకి. అవమానంతో చెవులు వేడెక్కాయి. మనుషుల సాయం అక్కర్లేదని విర్రవీగుతూ, గ్లిగోర్ పెళ్ళాం చేత అద్దం కడిగించుకుంది! తీగ కోసినప్పుడు కూడా ఆమె ఇంత ఏడవలేదు.

ఫ్యాక్టరీకి ఫోను చేస్తే తిబేరియు సరే, ఇక పని ఇంటికే పంపిస్తాను అన్నాడు. అద్దం వేసే మనిషి కొత్త సంవత్సరం దాటితే గానీ రానన్నాడు. సాయంత్రానికి క్లిప్పుల సంచి వచ్చింది.

*

క్లిప్పుల పని చెయ్యడం తెలియని పని కాదు. పది తెల్లవి, నాలుగు నల్లవి ఒక పొట్లంలో వేసి, మూతి వేడిపట్టీకి ఆనించాలి. చేతులు వాటంతటవే చేసుకుపోయేవి. అదే భరించలేకపోయింది ఒలింపియా. వరసలో అయితే ఎదుటివాడి తప్పు పట్టాలి, పక్కవాళ్ళ కబుర్లు వినాలి, మీరెలా టేపు ముడత పడితే మోచేత్తో పొడవాలి. ఇక్కడ సంచి, పొట్లం, సంచి, పొట్లం. మధ్యాహ్నానికల్లా కిటికీలోంచి పగిలిన అద్దం మీద తెల్లగా మంచు పేరుకోవడం చూస్తూ కూర్చునేది. గురువారం తిబేరియు ఫోను చేశాడు. మీ బల్లమీద ఒక కొత్తమ్మాయిని పెట్టాను, చేతులు ఇంకా తిరగలేదు, సోమవారం మీరు వేళకి వస్తే బల్ల మీకే ఉంటుంది, రాకపోతే ఆ అమ్మాయికే రాసిచ్చేస్తాను, ఇంతకంటే నేను ఆపలేను అన్నాడు. వస్తానని ఆమె అంది. ఎలా వస్తుందో మాత్రం తెలియదు. పగులు ఉన్నా కారు నడుస్తుంది. మంచు ఎవరు తియ్యాలి? ఇప్పుడా అద్దం మీద వేడినీళ్ళు పోస్తే ఉన్నది కూడా ఊడి ఒళ్ళో పడుతుంది.

శుక్రవారం సావెటా తలుపు కొట్టింది. చేతిలో ఏమీ లేదు. మావైపు ఒకరింటికి ఖాళీచేతులతో ఎవరూ పోరు. క్షమాపణ అడగడానికి పోయేవాళ్ళు కూడా ఒక రొట్టెముక్క పట్టుకుపోతారు. ఇవ్వడానికి ఏమీ తేని ఆ ఖాళీచేతులు చూసే ఒలింపియా తలుపు పూర్తిగా మూయలేదు.

లోపలికి రానా అని ఆవిడ అడగలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పుకొచ్చింది. ఆవిడది కొండకి అవతల గోర్జ్ జిల్లాలో ఒక పల్లె. అక్కడ మనిషి పోతే నలభై రోజులు ఆ మనిషి పేరున ఇంకొకరింటికి నీళ్ళు మొయ్యాలి. లేకపోతే పైలోకంలో నాలుక పిడచకట్టుకుపోయి తిరుగుతాడని నమ్మకం. బ్లాకులో ఎవరికి మొయ్యాలి, అందరికీ కుళాయిలున్నాయి. మూడో అంతస్తు రోజాలియాకి తీసుకుపోతే ఆమె తీసుకుని సింకులో పారబోసేది. పారబోస్తుందని తెలిసీ మోసింది. అంతలో ఒక పొద్దున కిటికీలోంచి కిందికి చూస్తే, ఒలింపియా అద్దం మీద పళ్ళెమంత మేర గోకి, చెయ్యి అందక ఆగిపోయింది.

"మా ఆయన నీకు చేసింది నాకు తెలుసమ్మాయ్," అంది సావెటా. "ఆయనకీ తెలుసు. మంచంలో పడ్డాక రెండుసార్లు అన్నాడు, కిందమ్మాయి తీగ కొయ్యకుండా ఉండాల్సిందని. పోయి చెప్పవయ్యా అన్నాను. చెప్పలేదు. గనిలో పని చేసినోళ్ళు ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటారు, మాట కూడా బిగబడతారు. అలాగే పోయాడు. ఇక ఆ నీళ్ళు నీకు కాక ఎవరికి పొయ్యను?"

"అంటే ఇన్నాళ్ళూ చచ్చినోడి పేరు చెప్పి నాకు దానం చేశావన్నమాట. చర్చి గుమ్మం ముందు ముష్టిది దొరకలేదా నీకు?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

ఒలింపియా వేడిపట్టీ ఆపింది. కాలిన ప్లాస్టిక్ వాసన గదంతా నిండిపోయింది. సావెటా అసలు వచ్చిన పని అప్పుడు చెప్పింది. రేపు నలభయ్యో రోజు. ఏటి ఒడ్డుకి పోయి నీళ్ళు వదలాలి. నీళ్ళు అందుకున్నవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. అందుకున్నప్పుడు అనాల్సిన మాట కూడా ఒకటుంది. చనిపోయినవాళ్ళ పేరున ఏది పుచ్చుకున్నా మావాళ్ళు థాంక్స్ అనరు, బొగ్దప్రొస్తె అంటారు. దేవుడు క్షమించుగాక అని. థాంక్స్ అంటే ఇచ్చిన చేతి దగ్గరే ఆగిపోతుంది, ఈ మాట అంటేనే అవతలికి చేరుతుంది. ఆమాటకొస్తే పోయినవాళ్ళ పేరెత్తినా వెనకాలే ఆ దీవెన కలపకుండా మాలో ఎవరూ వాక్యం ముగించరు. అదొక తుమ్ములాంటి అలవాటు. ఒలింపియా ఒక్కతే గ్లిగోర్ పేరు దగ్గర చప్పున ఆపేసేది. ఆ ఖాళీని మేమంతా గమనించాం, సావెటా మరీ గమనించింది.

"నువ్వు ఒక్కరోజూ అనలేదమ్మాయ్. తెలియకుండా పోస్తే ఎవరికంటావులే. అంతా నేలపాలయినట్టే."

"నేను అన్నాను పిన్నీ, రోజూ అన్నాను," అంది ఒలింపియా. "ఫోనుకి థాంక్స్ అని."

ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. క్షమించేది నువ్వు కాదుగా, దేవుడు, నువ్వు ఆ మాట ఆయన దాకా చేరేస్తే చాలు అని సావెటా బతిమాలింది. నా నోటితోనే ఎందుకు, బ్లాకంతా అంటున్నారుగా, చచ్చినోడి కళ్ళు చారెడని అందరూ ఇప్పుడు ఆయన్ని మహానుభావుణ్ణి చేశారుగా, చాలదా అని ఒలింపియా అడిగింది. వాళ్ళ తీగ ఎవరిదీ ఆయన కొయ్యలేదు కదా అంది సావెటా. ఒలింపియా తలుపు వేసేసింది. తలుపు అవతల అడుగులు చాలాసేపటిదాకా కదల్లేదు. ఇన్నేళ్ళలో తన గుమ్మం ముందు నిలబడి తనని ఏదైనా అడుక్కున్న మనిషి ఇదొక్కతేనని ఆమెకి అప్పుడు తోచింది. ఆ ఆలోచన ఆమెకి ఏమాత్రం సంతోషం కలిగించలేదు.

*

శనివారం మధ్యాహ్నం ఎండ వచ్చింది. కార్ల మీద మంచు కరిగి చినుకులుగా రాలుతోంది, ఒలింపియా కారు అద్దం కూడా తేటపడింది. ఒలింపియా క్లిప్పులు పక్కన పెట్టి కిటికీ దగ్గరకొచ్చేసరికి సావెటా బ్లాకు లోంచి దిగుతోంది. ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. నాలుగడుగులు వేసి ఆగింది. బకెట్టు దించి, చెయ్యి మార్చుకుని, మళ్ళీ నాలుగడుగులు. నడకదారి నున్నగా జారుడుబండలా ఉంది. ఏరు అక్కడికి దూరమే.

ఈవిడ పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ పాపం కూడా నా నెత్తికే చుట్టుకుంటుంది అని ఒలింపియా పైకే అనుకుంది. కోటు తొడుక్కుంది. బయటికొచ్చి, సీటులోకి జారి, కాళ్ళు లోపల పెట్టుకుని, కుర్చీని మాత్రం వెనక సీటులోకి తోయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. సావెటా పక్కన కారాపి తలుపు తోసింది.

"ఎక్కు. నీళ్ళు ఒలకబొయ్యకు."

సావెటా బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, పగులు తన కళ్ళముందే ఉండటంతో ఒళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చుంది. 

ఏటిగట్టు దగ్గర మంచు మోకాలి లోతుంది. కుర్చీ అందులో పోదు. ఒలింపియా కారు గట్టుకి ఆనించి, పక్క అద్దం దించుకుని కూర్చుంది. ముసలావిడ ఒక్కతే మంచు తొక్కుకుంటూ నీటి దాకా దిగింది. బుట్టలోంచి ఎండు సొరబుర్ర చెక్క తీసి, అందులో కొవ్వొత్తి నిలిపి, గాలికి ఆరిపోతుంటే కోటు అడ్డుపెట్టి మళ్ళీ మళ్ళీ వెలిగించింది. పల్లెలో అయితే చుట్టూ ఆడవాళ్ళు నిలబడతారు, ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఎదురెదురుగా నిలబడతారు. ఇక్కడ ఒక కారు, ఒక కాకి. బకెట్టు నీళ్ళు ఏట్లో పోసింది. సొరచెక్క నీటిమీద ఒకసారి గిర్రున తిరిగి, గడ్డకట్టిన అంచుకి తగిలి ఆగి, మళ్ళీ కదిలి పోయింది.

"సూర్యుడు సాక్షి," అని అరిచింది సావెటా. గొంతు బొంగురుపోయింది. "గ్లిగోర్ పేరున నీళ్ళు మోశాను. అందాయా?"

అడిగి, వెనక్కి తిరిగి కారు వైపు చూసింది.

ఒలింపియా బ్రేకు కర్ర మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అబద్ధం చెప్పనక్కర్లేదు. నీళ్ళు అందాయి. అద్దం మెరిసింది, వేళకి పనికి చేరింది, ఆ రోజులన్నీ నిజం. అద్దం పగిలింది, అదీ నిజమే. ఈ దారి నడిచేవాళ్ళది, అదీ నిజంగానే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో అలాగే ఉంది, పిసరు కూడా అరగలేదు.

"అందాయి," అంది గట్టిగా.

సావెటా ఇంకొంచెంసేపు చూసింది, రెండో మాట కోసం. అది రాలేదు. తల ఊపి, ఖాళీ బకెట్టూ బుట్టా పట్టుకుని, తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ పైకొచ్చింది. కారెక్కేసరికి ఆయాసంతో రొప్పుతోంది. చేతితొడుగులు తడిసి గట్టిపడ్డాయి. ఒలింపియా హీటరు పెంచింది. బ్యాటరీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"సగమైనా చేరుతాయిలే," అంది సావెటా తనలో తాను. తర్వాత, రేపటినుంచి నేను పొయ్యక్కర్లేదు, నీకు నా పీడ వదిలింది అంది.

కారు కదల్లేదు. ఒలింపియా ఎదురుగా పగులు వైపే చూస్తోంది. సోమవారం పొద్దున వీధిలో చలి ఎలా ఉంటుందో, భుజం ఎక్కడ ఆగిపోతుందో, ఆ కొత్తమ్మాయి తన బల్ల మీద మేకులు ఎలా తడుముకుంటుందో అన్నీ ఆమెకి కనిపిస్తున్నాయి. నోట్లో మాట తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ మాట అన్నది లేదు.

"సోమవారం పొద్దున రా పిన్నీ."

"ఎవరి పేరున?"

"ఎవరి పేరునా కాదు. నేను పనికి పోవాలి. అద్దం గోకాలి, నాకు చెయ్యి అందదు." పగులు వైపు వేలు చూపించింది. "నీళ్ళొద్దు. పలక ఇస్తాను. పగులు పక్కన మెల్లిగా గోకాలి."

సావెటా వంగి పగులు చివర ఎక్కడిదాకా ఉందో చూసుకుంది.

"ఎన్నింటికి?"

"ఐదున్నరకి."

"ఐదున్నరకా?" ముసలావిడ కళ్ళు పెద్దవి చేసింది. "ఇన్నాళ్ళూ నీళ్ళకోసం నా అంతట నేనే లేచాను గానీ, నలభై ఏళ్ళు పొద్దుటి షిఫ్టుకి పోయాడు, గ్లిగోర్ కూడా ఏనాడూ నన్ను అంత పొద్దున్నే లేపలేదమ్మాయ్."

"దేవుడు క్షమించుగాక," అంది ఒలింపియా, మెడ తిప్పి వెనక దారి చూసుకుంటూ. చేతులు కర్రల మీద ఉన్నాయి, కళ్ళు అద్దంలో ఉన్నాయి, కారు మంచులోంచి వెనక్కి వస్తోంది. ఏమన్నదో ఆమెకి రోడ్డెక్కాక గానీ తెలియలేదు.

సావెటా తడిసిన చేతితొడుగులు తీసి హీటరు గాలికి పట్టుకుంది.